చారలాకుల మొక్కలు

జనవరి 9

బుల్లీ,

ముందు ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ మనిద్దరి సంగతి తెలిసిందేగా, "బాగున్నావా" దగ్గర మొదలుపెట్టి రెండో నిమిషానికల్లా అరుచుకుంటాం. ఉత్తరమైతే నీకు చేరేలోపు నా కోపం చల్లారుతుంది, నీ జవాబు నాకు చేరేలోపు నీదీ చల్లారుతుంది. అయినా ఇది కోపం ఉత్తరం కాదులే. సంబరం ఉత్తరం.

మన పెద్దావిడ గుర్తుందా? నేను ఈ గాజు షెడ్డు వేసిన ఏడు కొన్న తెల్ల ఆర్కిడ్. నువ్వు మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లే రోజుల్లో దాని ఆకులు తుడవమంటే మూతి ముడిచేదానివి. ఆ పెద్దావిడకీ, ముదురు ఊదా పూలు పూసే పొట్టోడికీ సంకరం చేశానని రాశాను కదా. ఆ పిల్లలు మొలకలు పెంచే సీసాల్లోంచి కుండీల్లోకి వచ్చి బాగా ఎదిగారు. ఎదగడమంటే ఎలా అనుకున్నావు? ఒకే కాయలోంచి వచ్చిన తోబుట్టువులు, ఏ ఒక్కదాని ఆకూ ఇంకోదానిలా లేదు. ఒకటి దోసిలి పట్టినట్టు లోపలికి ముడుచుకుంది. ఒకటి బెల్టులా సన్నగా సాగింది. ఇంకొకటి వడ్రంగి చిత్రిక పడితే రాలే చెక్క చుట్టలా మెలి తిరిగింది. పొద్దున్నే తలుపు తీసేసరికి ఏ ఆకు ఎటు తిరిగి ఉంటుందో చెప్పలేను. మీ వదిన "ఇవి మొక్కలా, మీ చుట్టాలా?" అంటుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. కొన్నిటి కొత్త ఆకుల మీద పసుపు చారలు పడ్డాయి. మొదలు నుంచి కొస దాకా, బ్రష్షుతో గీసినట్టు. పూల వ్యాపారి ఒకాయన, ఎండ ఉన్నా లేకపోయినా నల్లద్దాలు తియ్యని మనిషి, అవి చూసి అక్కడే నిలబడిపోయాడు. పువ్వు పూయకపోయినా సరే, ఆకు కోసమే చారలవన్నీ తీసుకుంటానన్నాడు. సముద్రం అవతలికి పంపుతాడట. దానికి మీ ఆఫీసు నుంచి మొక్కలకి ఆరోగ్యపత్రం కావాలి. నీ ఆఫీసే కదా, నువ్వే ఒక సంతకం పడేస్తే పనైపోతుంది. ఈ సరుకు వెళితే షెడ్డు కప్పు మార్పిస్తాను. వానొస్తే ఇప్పుడు గొడుగేసుకుని నీళ్లు పోస్తున్నాను.

మీ వదిన నిన్ను అడిగింది. చిక్కిపోయావేమోనని ఆవిడ అనుమానం.

నీ అన్నయ్య


జనవరి 17

అన్నయ్యా,

నీ సంబరం ఉత్తరం మా ల్యాబు మెట్ల మీదే చదివేశాను. చెక్క చుట్టలా మెలి తిరిగిన ఆకు అనగానే నవ్వొచ్చింది. చారలు అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

నన్ను తిట్టకుండా చదువు. సంకర మొక్కల్లో ఆకులు తలో తీరుగా రావడం మామూలే, అది నాకు నేర్పిందే నువ్వు. చారలు కూడా పుట్టుకతో రావచ్చు. కానీ వైరస్ పట్టినా అచ్చం అలాంటి చారలే వస్తాయి. కంటితో చూసి ఏదో తేల్చలేం. వైరసే అయితే దానికి మందు లేదు. ఒక మొక్క వేరు కత్తిరించిన కత్తెరతో ఇంకో మొక్కని ముట్టుకుంటే చాలు, అంటుకుంటుంది. ఆరునెలల్లో షెడ్డంతా పాకిపోవచ్చు.

అందుకని ఇప్పుడే ఏదీ అమ్మకు. ఏదీ బయటికి పంపకు. ప్రతి కోతకీ కత్తెర నిప్పు మీద కాల్చు. ఒక ఆకు ముక్క తడి కాగితంలో చుట్టి మా ఇంటి చిరునామాకి పంపు, ఆఫీసుకి కాదు. పరీక్ష చేసి చెబుతాను. ఇక సంతకం మాట అంటావా, సొంత అన్న సరుకు మీద నేను సంతకం పెట్టకూడదు. పెడితే ఉద్యోగం పోతుంది, అదీ న్యాయంగానే పోతుంది.

నేను చిక్కిపోలేదు. రేవులో పెట్టెలు దింపే రోజుల్లో మధ్యాహ్నం తిండి సాయంత్రం తింటున్నాను, అంతే. వదిన మణికట్టు నొప్పి తగ్గిందా?

భయపడుతున్న నీ చెల్లెలు


జనవరి 24

గౌరవనీయులైన మొక్కల పరీక్షాధికారి గారికి,

మీ అన్న అనే రైతు రాసుకునేది.

నా పిల్లలు రోగిష్టివాళ్లని, వాళ్లని కళ్లతోనైనా చూడకుండా తేల్చేశారు తమరు. చారలు పడినవే మిగతావాటికంటే జోరుగా ఎదుగుతున్నాయి, ఆ సంగతి ఎవరు అడిగారు గనక? వేళ్లు కుండీ అంచు దాటి గాలిలోకి వేలాడుతున్నాయి. జబ్బు మనిషి అలా పరుగులు పెడతాడా? పొట్టోడి వంశంలో ఎక్కడో చార ఉండి ఉంటుంది, అదిప్పుడు పైకి తేలింది. సంకరమంటేనే అది కదా. రెండు మొక్కలు కలిపితే మూడోది ఎలా ఉంటుందో ముందే తెలిస్తే ఇన్నేళ్లు ఆ ఉక్కలో ఎందుకు కూర్చుంటాను?

ఆకు ఇంటికి పంపు, ఆఫీసుకి కాదు అన్నావు. అర్థమైంది. ఈ అన్న సరుకు ఆఫీసులో కనబడితే నీకు చిన్నతనం. వద్దులే. ఏ ఆకూ పంపను. నల్లద్దాల ఆయనకి మీ ఆఫీసులో తెలిసినవాళ్లు ఉన్నారట. నీ దాకా రాకుండానే పనవుతుందన్నాడు. నిన్ననే దరఖాస్తు పెట్టేశాం.

మీ వదిన మణికట్టు అలాగే ఉంది. "ఒక ఆకు ముక్క పంపితే పోయేదేముంది?" అంది. ఈ షెడ్డులో ఇద్దరు యజమానులు ఎప్పటినుంచి అని అడిగాను. ఆకులు తుడిచే గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది.

ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యడానికి ఆవిడ చేతికే ఇస్తున్నాను.

అన్న


ఫిబ్రవరి 3

అన్నయ్యా,

నీ కోపం ఉత్తరం వచ్చిన మర్నాడే తడి కాగితంలో చుట్టిన ఆకు ముక్క కూడా వచ్చింది. అరిచేసి, తర్వాత చెప్పినట్టు వినడం నీకు మొదటినుంచీ అలవాటే. చీటీ ఏదీ పెట్టలేదు, అంత రోషమైతే ఎలా?

పరీక్ష చేశాను. పొరపాటేమోనని ఇంకోసారి చేశాను. ఆ ఆకులో వైరస్ ఉంది.

అందుకని చారల మొక్కలు మనవి కావనుకో. నాకు తెలుసు నీకెంత కష్టమో. కానీ తొందరపడి ఏమీ చెయ్యకు. నువ్వు పెట్టిన దరఖాస్తు తిరిగి తిరిగి మా విభాగానికే వచ్చింది. ఇంటిపేరు చూసి మా పెద్దాయన నన్ను గదిలోకి పిలిచారు. "మీకు చుట్టమా?" అన్నారు. "మా అన్నయ్య" అన్నాను. "మీరు ఈ ఫైలు ముట్టుకోకండి" అన్నారు. "ముట్టుకోను" అన్నాను. తనిఖీకి ఇద్దరు వస్తారు. సంకరం పిల్లలన్నిటి నుంచీ ఆకు ముక్క తీసుకుంటారు, షెడ్డు తలుపుకి సీలు పట్టీ కడతారు. ఫలితాలు వచ్చేదాకా లోపల ఉన్నది బయటికి పోకూడదు. వాళ్లతో గొడవ పెట్టుకోకు. నల్లద్దాల ఆయన తెలిసినవాళ్లంటూ మళ్లీ వస్తే తలుపు తియ్యకు.

నేను పంపించానని అనుకుంటావేమో. ఆ దరఖాస్తు పెట్టింది నువ్వే అన్నయ్యా.

బుల్లి


ఫిబ్రవరి 9

బుల్లీ,

సోమవారం మీవాళ్లు వచ్చారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఇద్దరికీ చేతులకి తొడుగులు. పిల్లల కుండీల్లో ప్రతిదాని దగ్గరా ఆగడం, ఒక ముక్క తుంచడం, సంచిలో వెయ్యడం, అంకె రాయడం. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. వెళ్తూ వెళ్తూ తలుపుకి ఎర్ర పట్టీ కట్టారు. ఎదురు బస్సు డిపోలో వాళ్లంతా పని ఆపుకుని చూశారు. "ఏమైంది గురూ, దొంగ సరుకా?" అన్నాడు ఒకడు.

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. నేను ఆకు పంపలేదు కదా, ఇదేమిటని మీ వదిన్ని అడిగాను. "నువ్వు పంపావా?" అంటే తలూపింది. ఇంక ఆవిడ నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. చెల్లెలూ పెళ్లామూ కలిసి నా వెనకాల ఇంత నడిపారు.

సరే. వైరస్ ఉందన్నావు కదా. మందు లేదన్నావు కదా. ఇంకెవరో వచ్చి వాటిని చెత్తలా ఈడ్చుకెళ్లడం నేను చూడలేను. పట్టీ తెంచి లోపలికి వెళ్లాను. చారలవన్నీ ఒక్కొక్కటీ ఏరి, వెనకాల ఇనప డ్రమ్ములో వేసి తగలబెట్టేశాను. పచ్చి ఆకులు అంత తేలిగ్గా అంటుకోవు, తెలుసా? కిరసనాయిలు పోయాల్సి వచ్చింది. వేళ్లు చిటపటలాడాయి.

ఫైలు మూసుకోమని మీ పెద్దాయనకి చెప్పు. నీకు సంతోషమేనా?

అన్న

బుల్లీ, నేను వదినని. ఆయన సంతకం పెట్టి పక్కన పడేస్తే కవరులో పెడుతూ ఇది రాస్తున్నాను. ఆ ఆకు చారల మొక్కది కాదు. పెద్దావిడది. ఆకులు తుడుస్తుంటే అడుగున చిన్న చిన్న గుంటలు చేతికి తగిలాయి, పైకి ఏమీ కనబడదు. ఆయనతో చెప్పే ధైర్యం లేక నీకు పంపాను. ఏ మొక్కదో కాగితం మీద రాస్తే ఆయన కంటబడుతుందేమోనని రాయలేదు. ఆ రోజు చెప్పబోయాను, వినలేదు. డ్రమ్ము దగ్గరికి కూడా వెళ్లాను, అప్పటికే అంటించేశారు. ఇప్పుడు చెబితే ఏమైపోతారోనని చెప్పలేకపోతున్నాను. ఏం చెయ్యమంటావు?


ఫిబ్రవరి 15

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. చేతిలో ఏదైనా ఉంటే కింద పెట్టు. వదిన్ని పిలిచి పక్కన కూర్చోపెట్టుకుని చదువు. చదివాక ఆవిణ్ని ఒక్క మాట కూడా అనకు. అనాలనిపిస్తే నాకు ఫోను చేసి నన్ను అను, ఎంతసేపైనా వింటాను.

నాకు వచ్చిన ఆకు పెద్దావిడది. వైరస్ ఉన్నది పెద్దావిడలో.

చారల మొక్కల్లో లేదు. మావాళ్లు సోమవారం తుంచుకొచ్చిన ముక్కల ఫలితాలు నిన్న వచ్చాయి. నేను ఆ గదిలోకి వెళ్లలేదు, పెద్దాయనే పిలిచి చెప్పారు. పిల్లల్లో ఒక్కదానికీ ఏమీ లేదు. ముడుచుకున్నదీ, సాగినదీ, మెలి తిరిగినదీ, చారలు పడినవీ, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. గింజలోంచి పుట్టిన మొక్కకి తల్లి వైరస్ సాధారణంగా రాదు. ఆ చారలు వాటి స్వభావమే. నువ్వన్నదే నిజమైంది. పెద్దావిడేమో ఏళ్ల తరబడి దాన్ని మోస్తూ ఏటా నిండుగా పూసింది. కొన్ని మొక్కలు అంతే, పైకి ఏమీ చూపించవు.

నేను "ఆ ఆకు" అని రాశాను. ఏ మొక్కదని అడగలేదు. చారలున్నదే రోగిష్టిదని ముందే అనుకున్నాను కాబట్టి అడగాలని తోచలేదు. ఇది చదువుకున్న పని, రోజూ చేసే పని. అక్కడే తప్పాను. తప్పు నాది, వదినది కాదు.

ఇంకోటి కూడా నా ద్వారా తెలియడమే మంచిది. పట్టీ తెంచి మొక్కలు కాల్చినందుకు నీకు నోటీసు వస్తుంది. తనిఖీకి ముందే నీకు చెప్పానా అని నన్ను అడిగారు. చెప్పాను, ఉత్తరం రాశాను అన్నాను. నన్ను పరీక్షల నుంచి తీసి, రేవు గోదాములో పెట్టెలు లెక్కపెట్టే పనికి పంపారు. ఎంతకాలమో తెలియదు. దాని గురించి నువ్వు బాధపడకు.

పెద్దావిణ్ని తియ్యక తప్పదు. ఆవిడ వేళ్లు కోసిన కత్తెర ఇంకా దేన్ని తాకిందో వదినకి తెలిసి ఉంటుంది.

బుల్లి


మార్చి 1

అన్నయ్యా,

రెండు వారాలుగా జవాబు లేదు. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. నిన్న డిపోకి చేశాను. ఎత్తినాయన "ఆయన పొద్దున్నే ఎటో వెళ్లిపోతున్నాడమ్మా, చీకటి పడ్డాక వస్తున్నాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు" అన్నాడు. ఇంకా ఏదో అడగబోతే బస్సు కదులుతోందంటూ పెట్టేశాడు.

నన్ను తిడుతూనైనా నాలుగు ముక్కలు రాయి. తిట్టడానికి కూడా మనసు రాకపోతే వట్టి కాగితం పంపు, నువ్వు ఉన్నావని తెలుస్తుంది. వదినా, ఇది నీ చేతికే వస్తే నువ్వైనా రాయి.

దీంతో పాటు పరీక్ష పట్టీలు పంపుతున్నాను, నా డబ్బుతో కొన్నవి. ఆకు ముక్క సంచిలో నలిపి, అందులో పట్టీ ముంచి ఆగాలి. గీత ఒకటే వస్తే మొక్క మంచిది. రెండు వస్తే జబ్బు ఉన్నట్టు. మిగతా మొక్కలు మీరే చూసుకోవచ్చు.

శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బయలుదేరతాను.

బుల్లి


మార్చి 5

బుల్లీ,

బయలుదేరకు. ఉన్నాను. ఇద్దరం ఉన్నాం.

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే మీ వదిన్ని పక్కన కూర్చోపెట్టుకుని చదివాను. "చారల మొక్కల్లో లేదు" అన్న చోటికి రాగానే లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. ఏం చెయ్యబోయానో నాకే తెలియదు, బహుశా ఏమీ కాదు. కానీ మీ వదిన ఒక్కసారిగా వెనక్కి జరిగి గోడకి ఆనుకుపోయింది. నొప్పి చెయ్యి గుండెకి అదుముకుని.

నేనెప్పుడూ ఆవిడ మీద చెయ్యెత్తలేదు. నీకు తెలుసు. అయినా వెనక్కి జరిగింది.

అది చూశాక ఇంట్లో ఉండలేకపోయాను. పొద్దున్నే బయటపడి దొరికిన బస్సు ఎక్కడం, తోచిన చోట దిగడం, మళ్లీ ఎక్కడం. కిటికీ పక్కన కూర్చుంటే డ్రమ్ములో మంటే కనిపించేది. మొదట్లో కాలిపోయిన మొక్కల గురించే ఏడ్చాను. దాచడం ఎందుకు, ఏడ్చాను. తర్వాత తర్వాత మొక్కలు పోయి గోడే మిగిలింది. ఆకు మీద గుంట ఉందని మొగుడితో ఒక మాట చెప్పడానికి ఆవిడ ఆ మాటని ఊరు దాటించాల్సి వచ్చింది బుల్లీ. పోస్టులో వేసి, నీ చేత చెప్పించాల్సి వచ్చింది. నేనెలాంటివాణ్నై ఉంటే ఇలా జరుగుతుంది?

నీ పట్టీల పార్సిలు మొన్న వచ్చింది. మీ వదిన బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. "నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను. నమ్మలేదు. నోటీసు తెచ్చిన మీ పొడుగాయన దగ్గర అనుమతి తీసుకుని లోపలికి వెళ్లాం. నేను బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక్కో కుండీ దగ్గరికి వెళ్లి, ఈ కత్తెర దీన్ని తాకింది, దీన్ని తాకలేదు అని చెబుతుంటే ఇంతకాలం నా షెడ్డులో ఇంకో మనిషి కూడా ఉందని తెలిసింది. ఒక దాని దగ్గర "ఇది కూడా అనుమానంగా ఉంది" అంది. అది నీళ్ల మచ్చ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రెండు గీతలు వచ్చాయి. ఇంకో చోట ఆవిడ అనుమానమే తప్పైంది, ఒకటే గీత. అప్పుడూ నేనేమీ అనలేదు. ఆవిడే నవ్వింది.

ఊదా పూల పొట్టోడు మంచివాడే, ఒకటే గీత. పాత మొక్కల్లో కొన్ని పోయాయి. పెద్దావిణ్ని నేనే తీశాను. వేళ్లు కుండీని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే కుండీ పగలగొట్టాల్సి వచ్చింది. నిప్పు మీ వదిన పెట్టింది. ఆ డ్రమ్ము దగ్గర ఇద్దరం చివరిదాకా నిలబడ్డాం.

జరిమానా కట్టేశాను. నల్లద్దాల ఆయనకి చారలవి లేవని కబురు చేశాను, మళ్లీ రాలేదు. కప్పు ఈ ఏడు ఇంతే. మీ పెద్దాయనకి నేను వేరే ఉత్తరం రాశాను. నీ ఉత్తరంలో ఆగమని ఉందని, ఆగనిది నేనేనని, ఆ కాగితం కూడా జతచేసి పంపాను. గోదాము నుంచి నిన్ను బయటికి తెస్తుందో లేదో తెలియదు. నిజం కనక రాశాను.

మిగిలిన పిల్లలు బతికే ఉన్నాయి. దోసిలి ఆకుది ఈ పొద్దున కొత్త ఆకు పెడుతోంది, మధ్యలోంచి మొన మాత్రం పైకొచ్చింది. ఎటు తిరుగుతుందో, ఏ రంగుకి దిగుతుందో నాకు అంతుపట్టలేదు. "ఎలా వస్తుందంటావు?" అని మీ వదిన్ని అడిగాను. ఆవిడ చేతిలో నీళ్ల డబ్బా అలాగే ఆగిపోయింది. "నన్నా అడుగుతున్నారు?" అంది.

ఈ షెడ్డు వేసినప్పటి నుంచీ ఇందులో నేను ఆవిణ్ని ఏదైనా అడగడం ఇదే మొదటిసారట.

నీ కోసం ఎదురు చూసే
అన్నయ్య, వదిన